రోసమ్మక్క చెప్పిన నాలుగు మాటలు

పేపర్ వేయించుకునేది మేము, చదివేది మాత్రం పక్కింటి రోసమ్మక్క. బోయిన్‌పల్లిలో మా రెండిళ్లకూ మధ్య నడుమెత్తు గోడ ఒకటే అడ్డం. పొద్దున్నే మార్కెట్ నుంచి తెచ్చుకున్న కూరగాయల పళ్లెం ఆ గోడ మీద పెట్టి, కళ్లజోడు సర్దుకుని, ఒక్కో వార్తా పైకి చదువుతూ తీర్పులిచ్చేది. మిషన్ స్కూల్లో ఏళ్ల తరబడి పిల్లల్ని కేకలేసిన ఆయా గొంతు అది. సందు చివర ఇస్త్రీ బండి దాకా వినపడేది.

"గీ సారు మళ్ల పార్టీ మారిండట కుసుమా! మా ఆశీష్ అంగీలు సుత గిన్నిసార్లు మార్చడు."

ఏ పార్టీనీ వదిలేది కాదు. మా ఆయన ఒక పార్టీకి వీరాభిమాని. ఆ గొంతు మొదలవగానే కాఫీ గ్లాసు పట్టుకుని వెనక గదిలోకి వెళ్లిపోయేవారు. కంపెనీలన్నా ఆమెకి అంతే. "బిస్కెట్ పొట్లం చిన్నగ చేస్తరు, ధర గంతే ఉంచుతరు. పొట్లం మీద నవ్వే పిల్ల బొమ్మ మాత్రం పెద్దగ చేస్తరు" అనేది. నాకు నవ్వు ఆగేది కాదు. ఆమె తీర్పు వినందే నాకు వార్త విన్నట్టుండేది కాదు.

భర్త పోయాక ఆమెకి మిగిలింది కొడుకు ఆశీష్ ఒక్కడే. కెమిస్ట్రీ చదివి, ఊరి బయట మందుల ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. వాడంత తొందర మనిషిని నేను చూడలేదు. చౌరస్తాలో కంపెనీ బస్సు హారన్ కొట్టిందంటే చాలు, నోట్లో ముద్ద నోట్లోనే ఉండగా పరుగు. ఒకసారి ఒక కాలికి బూటు, ఒక కాలికి స్లిప్పరుతో బస్సెక్కేశాడు. ఇంకోసారి గడియ తియ్యడం మానేసి గేటునే గుద్దుకుంటూ పోయాడు. గడియ విరిగింది. అప్పట్నుంచి ఆ గేటుకి నైలాన్ తాడే గతి. "గిట్ల ఉరికితే ఒకనాడు నిన్ను నువ్వే దాటిపోతవ్ రా" అని తల్లి అరిచేది, అరిచి నవ్వేది.

ఒక ఎండాకాలం రోజు గోడ దగ్గర తల్లీకొడుకుల మాటలు నేనూ విన్నాను.

"మందు పొడి ఆరబెట్టే డ్రయ్యర్ ఉంది గద మమ్మీ, దాని వేడి చూపించే మీటరు పని చేస్తలేదు. లోపల ఎంత కాగుతుందో ఎవ్వరికీ ఎరుకలేదు."

"పెద్ద సార్లకు చెప్పినవా?"

"రెండుసార్లు చెప్పిన. మిషను ఆపితే ఆర్డర్ లేటయితదట. వచ్చే నెల బంద్ పెట్టినప్పుడు చూద్దామంటున్రు."

"ఆర్డర్ పోతదని భయం గాళ్లకు. మనిషి పోతడని లేదు" అంది రోసమ్మక్క. మళ్లీ తనే, "ఇంకో నౌకరి దొరికేదాక జెర చూసి చెయ్యి బిడ్డా" అంది. అంతకన్నా ఏ తల్లయినా ఏం చెప్పగలదు?

ఆ వచ్చే నెల రాకుండానే డ్రయ్యర్ పేలింది. ఆశీష్‌తో పాటు ఇంకో ముగ్గురు పోయారు. శవపెట్టె మూత తియ్యొద్దన్నారు. తల్లి పెట్టె మీద చెయ్యి వేసి కూచుంది, అంతే. నాయకులు ఒకరి వెనక ఒకరు వచ్చారు. పాత ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు అని ఒకరు, కొత్త ప్రభుత్వం చెయ్యని తనిఖీ అని ఒకరు మా సందులోనే కెమెరాల ముందు తిట్టుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. రోసమ్మక్క మాత్రం ఎవరి మీదా ఒక్క ముక్క అనలేదు.

వారం తర్వాత వాళ్ల చర్చిలో ఆదరణ కూడిక పెట్టారు. పోయినవాళ్ల గురించి ఇంట్లోవాళ్లు లేచి నాలుగు మాటలు చెప్పడం అక్కడి ఆనవాయితీ. దూరాన ఉన్న బంధువుల కోసం ఫోన్ స్టాండుకి పెట్టి యూట్యూబులో లైవ్ ఇస్తారు. నేనూ వెళ్లాను. చచ్చినవాడి కళ్లు చారెడు అని సామెత. రోసమ్మక్క అలా లేనివి పొగిడే మనిషి కాదు. మైకు పట్టుకుని, ఉన్న కొడుకుని ఉన్నట్టే చెప్పింది.

"మా వానికి అన్నిట్ల తొందరే. నెలలు నిండకముందే పుట్టిండు. నడక రాకముందే ఉరికిండు. ఏ పనైనా ఆగి చేసుడు వానికి తెల్వది. దేవుని దగ్గరికి సుత గట్లనే ఉరికిండు. అమ్మ కన్న ముందు పోవద్దని వానికి ఎవరు చెప్పాలె?"

అందరం నవ్వాం, నవ్వుతూనే ఏడ్చాం. ఆ కాసేపు వాడు మా మధ్యనే తిరుగుతున్నట్టు అనిపించింది.

తర్వాత కంపెనీ రిపోర్టు వచ్చింది. మీటరు ఊసే లేదు. వేడి తగ్గకముందే కార్మికుడు ఆశీష్ తొందరపడి డ్రయ్యర్ తలుపు తెరిచాడు, అందువల్లే ప్రమాదం అని ఉంది. అంటే వాడి చావే కాదు, మిగతా ముగ్గురి చావూ వాడి నెత్తినే. పోయినవాళ్లలో ఒకడి తల్లి శారదమ్మ, అంతకుముందు రోసమ్మక్కని పట్టుకుని ఏడ్చిన మనిషి, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేసింది.

"పైసల మాట తర్వాత. నా కొడుకు మీది మాట తియ్యాలె" అంది రోసమ్మక్క. ప్రభుత్వం వేసిన విచారణకి నన్ను తోడు తీసుకుని వెళ్లింది. మీటరు సంగతి అధికారికి అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. నేనూ విన్నానని చెప్పాను. ఆయన తలూపి రాసుకున్నాడు.

అప్పుడు కంపెనీ లాయరు లేచాడు. కుర్రవాడు, ఎంత మర్యాదో చెప్పలేను. ముందు ఆమెకి మంచినీళ్లు ఇప్పించాడు. తర్వాత ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు.

"అమ్మా, ఇందులో మాట్లాడుతున్నది మీరేనా?"

చర్చి, మైకు, తెల్లచీరలో రోసమ్మక్క. "మా వానికి అన్నిట్ల తొందరే... ఏ పనైనా ఆగి చేసుడు వానికి తెల్వది." అక్కడ ఆపేశాడు. మేం ఏడ్చిన చోటుకి రానివ్వలేదు.

"అది తల్లి మాట సారూ" అంది ఆమె. "ప్రేమతోని అన్న. వాడు అన్నం తినే కాడ తొందర. పని కాడ గాదు."

"అర్థమైందమ్మా. కానీ మీరు 'అన్నిట్లో' అన్నారు కదా" అన్నాడు లాయరు, అంతే మెత్తగా. వాడి చెంప పగలగొట్టాలనిపించింది నాకు. ఏమీ చెయ్యలేదు. ఆమె చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. ఇంటి దగ్గర ఆటో దిగేటప్పుడు, "నా నోటితోనే అన్న గద కుసుమా" అంది.

కంపెనీ రాసిందే ఖాయమైంది. కార్మికులకి ఇంకాస్త శిక్షణ ఇవ్వాలని సలహా చెప్పి వదిలేశారు. ఫ్యాక్టరీ మళ్లీ తెరిచారు. భద్రతా వారోత్సవమని మా పేపర్లోనే అర పేజీ ప్రకటన, హెల్మెట్లు పెట్టుకుని నవ్వుతున్న కుర్రాళ్లు. ఆ పేజీ ఆమె కంట పడకుండా మడిచి దాచాను. దాచక్కర్లేకపోయింది. ఆమె పేపర్ ముట్టుకోవడమే మానేసింది. ఎన్నికలొచ్చాయి, పోయాయి. గోడ మీద పళ్లెం ఉంటుంది, కత్తిపీట చప్పుడు ఉంటుంది, తీర్పు ఉండదు. ఎవరైనా పలకరించడానికి వస్తే ముందు వాళ్ల చేతుల్లోకి చూస్తుంది. "ఫోన్ లోపట పెట్టు బిడ్డా" అంటుంది.

మొన్న క్రిస్మస్‌కి వాళ్ల గుమ్మానికి నక్షత్రం కట్టడానికి సాయం వెళ్లాను. గేటు తాడు విప్పుతుంటే వాడు గుర్తొచ్చి, మనసు ఆగక అనేశాను. "గుర్తుందా అక్కా? ఒక కాలికి బూటు, ఒక కాలికి స్లిప్పరుతో ఉరికాడు ఆ రోజు..."

రోసమ్మక్క నా వైపు చూసింది. కోపం కాదు, భయం అది.

"ఎవరి ముచ్చట చెప్తున్నవ్ కుసుమా? మా ఆశీష్ నిదానం మనిషి. మెల్లగ తింటుండె, మెల్లగ నడుస్తుండె. ఏ పనైనా ఒకటికి రెండుసార్లు చూసి చేస్తుండె."

కంపెనీ వాడి ప్రాణం తీసింది, తీరా చూస్తే వాడి పరుగు కూడా తల్లి దగ్గర మిగల్చలేదు. విరిగిన గడియ ఇంకా ఆ గేటుకే వేలాడుతోంది.

"అవునక్కా, నిదానమే" అన్నాను. తాడు మళ్లీ ముడివేసి లోపలికి వెళ్లాను.