మొదలూ చివరా మాత్రమే చూసినవాడు

సినిమాలంటే నాకు అసహ్యం. ముందే చెప్పేస్తే మీకూ నాకూ పేచీ ఉండదు. నాకు పెద్ద చదువు లేదు. అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చేదాకా బడికి పోయాను, అంతే. అయినా ఇది నా చేత్తోనే రాస్తున్నాను. ఇంకొకళ్ళని బతిమాలి రాయించుకునే ఖర్మ నాకింకా పట్టలేదు. తప్పులుంటే మీరే దిద్దుకుని చదువుకోండి.

రాసేది మా తమ్ముడి గురించి. మా వీధిలో వాణ్ణి అందరూ టార్చిలైటు అంటారు. సినిమా హాల్లో గేటు దగ్గర టికెట్టు చింపి, చీకట్లో టార్చి వేసి సీటు చూపించే పని వాడిది. మీసం మొలవకముందు చేరాడు, ఆ హాలు మూసేసి సిమెంటు బస్తాల గోడౌను చేసేదాకా అదే చేశాడు. ఆ పని వాడి ఒంటికి పట్టేసింది. నడిస్తే నేల చూసుకుంటూ నడుస్తాడు. ఎవరింటికైనా పదిమందితో పోతే, కూర్చోవలసినవాడు కూర్చోకుండా, "అమ్మా, ఆ మూల ఖాళీ ఉంది, అటు పదండి" అని ఆ ఇంటివాళ్ళకే దారి చూపిస్తాడు. నాకు తల కొట్టేసినట్టుంటుంది.

"వాడికేమమ్మా, రోజూ సినిమాయే" అని జనం కుళ్ళుకునేవాళ్ళు. వాడు జన్మలో ఒక్క సినిమా పూర్తిగా చూడలేదని వాళ్ళకేం తెలుసు?

ఆట మొదలయ్యాక కూడా ఆలస్యపు మనుషులు వస్తూనే ఉంటారు కదా. వాళ్ళందరినీ కూర్చోబెట్టేదాకా వీడు లోపల గోడవార నిలబడి తెర చూసేవాడు. మొదటి పాట అయ్యేసరికి ఇంకెవరూ రారు. అప్పుడు సైకిల్ స్టాండుకి పోవాలి. అక్కడి మనిషి టీకి పోతే వీడు సైకిళ్ళు కాయాలి, ఇంటర్వెల్లో క్యాంటీన్ ముందు తోపులాట సర్దాలి, మళ్ళీ సైకిళ్ళు. ఆట అయిపోవస్తోందనగా తలుపులు తీయడానికి లోపలికొచ్చి, గొళ్ళెం మీద చెయ్యేసి నిలబడేవాడు. ఒకే సినిమా నెలల తరబడి ఆడినా వాడు చూసింది అదే మొదలు, అదే చివర. మొదట్లో తండ్రి చెయ్యి చాపి గడప చూపిస్తాడు, కొడుకో కూతురో వెళ్ళిపోతారు. చివర్లో అందరూ వాటేసుకుని, వరసగా నిలబడి పళ్ళికిలిస్తారు. ఈ రెంటికీ నడుమ ఏం ఏడ్చారో వాడికి పట్టలేదు.

హాలు మూతపడ్డాక వాడు ఇంట్లో పడ్డాడు, నా నెత్తిన పడ్డాడు. మాకున్నవి రెండే గదులు. ముందు గదిలో నా ఇస్త్రీ బల్ల, దానికెదురుగా టీవీ. వీధిలో బట్టలన్నీ నా దగ్గరికే వస్తాయి, బల్ల వదిలి పోలేను. చచ్చినట్టు నేనూ చూడాల్సొచ్చింది. వేసిందే వేస్తారు వాళ్ళు, సిగ్గు లేకుండా. మొదటిసారి ఏదో చూస్తాం. రెండోసారికి ఇస్త్రీపెట్టె దాని మీదికి విసరాలనిపిస్తుంది.

మీరే చెప్పండి. వాడెవడో పదిమందిని మట్టిలో దొర్లించి కొట్టి లేస్తాడు, చొక్కా మీద మడత మడతలాగే ఉంటుంది. నేను పొద్దున వేసిన మడత, మనిషి వీధి చివర చేరేలోపల నలిగిపోతుంది. ఆ పిల్ల మంచం మీంచి నిద్ర లేస్తుంది, పెదాలకి రంగు పెదాలకే ఉంటుంది, నోట్లోంచి చొంగ కారదు. ముసలి తల్లి అని ఒకతిని చూపిస్తారు, జుట్టుకి ఇంత పిండి పులిమిన పడుచుపిల్ల. అది ఒకసారి దగ్గిందంటే ఇక పోయినట్టే. నేను చలికాలమంతా దగ్గుతాను, నన్నెవరూ ఒళ్ళో పడుకోబెట్టుకుని పాట పాడలేదు. గుండు తగిలినవాడు తగిలినట్టు చావడు. పేరు పేరునా అందరినీ పిలిచి, మంచీ చెడూ చెప్పి, అప్పుడు తల వాల్చేస్తాడు. మా ఆయన పోయేటప్పుడు మంచినీళ్ళు అని కూడా అనలేకపోయాడు. థూ!

మా తమ్ముడు మాత్రం ఆ టీవీ ముందు కూడా ఉద్యోగమే చేసేవాడు. నవ్వకండి, నిజం. మొదటి పాట అవగానే లేచిపోతాడు. బయట గోడకి ఆనించి వాడి సైకిలు ఒక్కటే ఉంటుంది. దాని తాళం ఓసారి లాగి చూసి, పక్కనే నిలబడతాడు. లోపల ఆఖరి కొట్లాట చప్పుడు వినబడగానే వచ్చి, మా ఇంటి తలుపు గొళ్ళెం మీద చెయ్యేసి తెర చూస్తాడు.

"ఒరేయ్, నీ హాలు పోయింది, నీ స్టాండు పోయింది. కుదురుగా కూర్చుని చూడొచ్చు కదరా!"

"మధ్యలో ఏముంటుందక్కా? ఏడుపులు."

ఇదంతా వాడి పిచ్చి అనుకుని ఊరుకునేదాన్ని, ఆ పిచ్చి నా మేనకోడలి నెత్తిన పడకపోతే. పిల్ల చిన్నగా ఉన్నప్పుడే వాడి భార్య పోయింది. మా ఆయన కూడా లేడు కాబట్టి నేనొచ్చి పెంచాను. కళ్ళద్దాల కొట్లో పనికి కుదిరింది అది. లిఫ్టులు బాగుచేసే మెకానిక్ ఒకడు అద్దాలకని వచ్చి, అద్దాలు తీసుకున్నాక కూడా వస్తూ పోయాడు. మంచివాడే, నెమ్మదస్తుడు. ఒకరోజు సాయంత్రం అది తిన్నగా వాళ్ళ నాన్న ముందు నిలబడి, "నాన్నా, నేను అతన్ని పెళ్ళి చేసుకుంటాను" అంది. అప్పటికింకా హాలు నడుస్తూనే ఉంది. వీడు ఆటకి తయారవుతున్నాడు. బొత్తాలు పెట్టుకుంటున్నవాడు ఆగి, చెయ్యి చాపి గడప చూపించాడు.

"వెళ్ళు! ఈ క్షణం నించి నాకు కూతురే లేదు!"

వేళాకోళమనుకున్నాను. పిల్ల నా మొహం చూసింది. నేను నోరు తెరిచేలోపల వాడు ఇంకో అరుపు అరిచాడు. అది రెండు జతల బట్టలు సంచిలో కుక్కుకుని వెళ్ళిపోయింది. దాని వెనకాలే వీధిలోకి పరిగెత్తాను, ఆగలేదు. నా పెంపకం కదా, పౌరుషం ఎక్కువ.

తిరిగొచ్చి వాణ్ణి దులిపేశాను. "ఏం రోగం రా నీకు? ఆ అబ్బాయిలో తప్పేముంది?"

"తప్పేం లేదక్కా. మంచి కుర్రాడు."

"మరి?"

"మొదట్లో తండ్రన్నవాడు ఆ మాట అనాలి కదా. అనకపోతే చివర్లో కలుసుకోవడం ఎలా?"

అప్పుడు నా చేతిలో ఇస్త్రీపెట్టె లేకపోవడం వాడి అదృష్టం. మనిషికి కోపమొచ్చి తరిమేస్తే ఆ కోపం ఎప్పుడో చల్లారుతుంది. వీడికి కోపమే లేదు, ఇంక చల్లారడానికేముంది? హాయిగా ఉన్నాడు. ఏళ్ళు గడిచాయి. వెళ్ళి పలకరించరా అంటే, "అప్పుడేనా? ఇంకా టైముందక్కా" అనేవాడు.

ఆ టైములో అక్కడ ఏమేం జరిగాయో నాకు తెలుసు, నేను పోయి వస్తుండేదాన్ని కాబట్టి. మెకానిక్ ఒక మేడ మీద పనిచేస్తూ లిఫ్టు గుంటలో పడ్డాడు. కాలు రెండుచోట్ల విరిగింది. ఇది పగలు కొట్లో నిలబడి, సాయంత్రం ఆఫీసు గదులు తుడిచి, ఆస్పత్రికి పరిగెత్తేది. అప్పుడు కడుపుతో ఉంది. ఆ ఆస్పత్రి మెట్లు ఎక్కీ దిగీ, ఆ కడుపూ నిలవలేదు. నేను ఇంటికొచ్చి, "ఒరేయ్, అల్లుడి కాలు..." అని ఎత్తుకునేదాన్ని.

"చివరికి బాగయిందా?"

"చివరేంట్రా, ఇంకా ఆస్పత్రిలోనే..."

వినడానికి మనిషేడీ? సైకిలు దగ్గర ఉండేవాడు. పెళ్ళాం పోయినప్పుడు కూడా ఇలాగే ఉన్నాడు వీడు. కన్నీళ్ళెక్కడ కనబడితే అక్కణ్ణించి లేచిపోతాడు. గోడకి చెప్పుకున్నా కాస్త తిరిగి వినబడుతుంది.

మొన్న వానలు మొదలైనప్పుడు నా మేనకోడలు ఫోన్ చేసింది. "అత్తా, ఆయనకి వేరే ఊళ్ళో పని దొరికింది. చాలా దూరం. వచ్చే బుధవారం సామాను లారీకి ఎత్తుతున్నాం. ఆదివారం నిన్ను చూసిపోతాను."

"మీ నాన్నో?"

"ఆయన్నీ చూస్తా. ఏమంటాడో వింటా. అదే వేషం వేశాడనుకో, ఇంక ఆ ఊరు పోయాక ఆయన మాట నా దగ్గర ఎత్తకు."

వాడికి చెప్పాను, నెత్తిన మొట్టినట్టు చెప్పాను. "ఇదే ఆఖరుసారి రా. ఇప్పుడు పోగొట్టుకున్నావంటే కూతురు లేదు నీకు, నిజంగానే లేదు."

వాడి మొహం వెలిగిపోయింది. "వచ్చిందక్కా! చివరొచ్చింది!"

ఆదివారం పొద్దున్నే క్షవరం చేయించుకొచ్చాడు. తెల్ల చొక్కా నా మీద పడేసి ఇస్త్రీ చేయించుకున్నాడు. నా బల్ల గోడకి జరిపాడు. "నువ్విక్కడ నుంచో అక్కా, కాస్త పక్కకి. నేనిక్కడ. అది లోపలికి రాగానే నేను రెండడుగులు వేస్తా."

"వేసి?"

"వేసి ఏముంది? చేతులు చాపుతా. దాని పని అది చేస్తుంది."

నాకు ఒళ్ళంతా జెర్రులు పాకినట్టయింది. ముసలి వెధవ, తలకి రంగు కూడా వేశాడు.

అది వచ్చేసరికి వాన జోరుగా ఉంది. గుమ్మంలో చెప్పులు విప్పింది. వీడు రెండడుగులు వేసి, చేతులు చాపాడు. అది ఆ చేతుల్ని చూసింది, మొహాన్ని చూసింది, తడిగొడుగు మూసి చేతుల్లో పెట్టింది.

"ఇది ఎక్కడైనా ఆరబెట్టు నాన్నా" అని, వచ్చి నా పక్కన కూర్చుంది.

నీళ్ళు కారుతున్న గొడుగు పట్టుకుని వాడు అలాగే నిలబడ్డాడు. చొక్కా అంతా తడిసింది. నాకు నవ్వాగలేదు, నవ్వేశాను.

కాసేపటికి వాడు గొంతు సవరించుకుని, "జరిగిందేదో జరిగిపోయిందమ్మా" అన్నాడు, టీవీలో వాడిలాగే.

"ఏం జరిగింది నాన్నా?"

"అదే... జరిగింది."

"చెప్పు. ఏం జరిగిందో చెప్పు, వింటా."

వాడి దగ్గర ఏముందీ చెప్పడానికి? అదే మొదలుపెట్టింది. లిఫ్టు గుంట దగ్గర్నించి. గొంతు పెంచలేదు, బట్టలు మడతపెట్టినట్టు ఒక్కొక్కటే చెబుతోంది. ఆస్పత్రి మెట్ల దగ్గరికి వచ్చేసరికి వీడు లేచాడు.

"సైకిలు తడుస్తోంది, చూసొస్తా."

బయటికి పోయాడు. నా మేనకోడలు చెప్పడం ఆపేసి, సంచీ భుజానికి తగిలించుకుంది. "చూశావుగా అత్తా. ఇంక నేను పోతాను."

"కూర్చో నువ్వు" అన్నాను. అన్న ఊపులోనే వానలోకి పోయాను. సైకిలు సీటు మీద చెయ్యేసి నిలబడ్డాడు, చెవులపక్కన రంగు కారుతోంది. ఆ చెవే పట్టుకున్నాను. పెద్దదాన్ని, ఆ హక్కు నాకుంది.

"అక్కా, వదులు, జనం చూస్తారు!"

"చూడనీ. అది సంచీ తగిలించుకుంది. ఇంకో నిమిషంలో ఈ గుమ్మంలోంచే పోతుంది, నీ పక్కనించే పోతుంది. సైకిలు కావాలా అది కావాలా?"

లాక్కొచ్చి నా స్టూలు మీద కూర్చోబెట్టాను. వాడు కూర్చోలేకపోయాడు. కాళ్ళు ఊపాడు, గుమ్మం వైపు చూశాడు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. నా మేనకోడలు సంచీ తీయలేదు, అలాగే కూర్చుని మిగతాది చెప్పింది. బిడ్డ నిలవని రోజు ఒంటరిగా బస్సులో ఇంటికొచ్చానని చెప్పింది. ఆ రాతిగుండెవాడు అంతా విన్నాడు. చాలాసేపు పట్టింది.

చివరికి, "అప్పుడు నేనెక్కడున్నాను?" అన్నాడు.

"ఇంట్లోనే. నేను ఫోన్ చేస్తే అత్త తీసింది. వెనకాల టీవీ వినిపించింది."

వాడు మొహం తుడుచుకున్నాడు. చేతికి నల్లరంగు అంటింది, అది చూసుకున్నాడు. "ఛీ" అన్నాడు. "ఏం బతుకే ఇది? ఎవడు చూస్తాడు దీన్ని?"

అది నవ్వింది, వచ్చాక మొదటిసారి. "నాకూ చూడాలని లేకపోయింది నాన్నా. టికెట్టు చింపి లోపలికి తోసింది నువ్వే."

వాడు లేచి, మళ్ళీ చేతులెత్తబోయి నా వైపు చూశాడు. నేను కళ్ళురిమాను. దించేశాడు.

"బుధవారం పొద్దున్న లారీ వస్తుంది" అంది అది, గొడుగు తీసుకుంటూ. "మూటలు కట్టాలి, మంచాలు విప్పాలి. ఆయన ఆ కాలితో బరువులెత్తలేడు. వస్తే రా. రాకపోతే ఇంకెవరినైనా పిలుచుకుంటాం."

"అల్లుడు నన్నేమంటాడో..."

"తాడు అందుకోమంటాడు."

అంతే, వెళ్ళిపోయింది. వాటేసుకోలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. వాడు ఆ రోజంతా టీవీ పెట్టలేదు, చొక్కా విప్పి నా బల్ల మీద పడేశాడు. ఆ రంగు మరకల చొక్కా ఉతికి ఇస్త్రీ చేయాల్సిందెవరు? నేనే కదా.

బుధవారం నేను లేచేసరికి వాడు లేడు. మధ్యాహ్నం దాటాక ఫోన్ మోగింది.

"అక్కా, పొద్దున్నించీ ఇక్కడే ఉన్నా."

"అయితే?"

"ఏమీ జరగట్లేదక్కా. ఒక్కళ్ళూ ఏడవలేదు, ఒక్కళ్ళూ ఏమీ అనలేదు. మంచం విప్పుతున్నాం. ఒక బోల్టు తుప్పుపట్టిపోయింది, ఎంతకీ తిరగట్లేదు."

"అల్లుడేమన్నాడు?"

"నూనె వేసి కాసేపు ఆగమన్నాడు."

"అయితే నూనె వేసి ఆగు" అని ఫోన్ పెట్టేశాను.