వంకర అంచు

తాండూరులో నాపరాళ్లు కోసి నునుపు చేసే కార్ఖానా నాది. అంచు వంకరగా ఉన్న రాయి నా గడప దాటేది కాదు. దాటబోతే నా నోటి దురుసు ఎంతటిదో పనివాళ్లకు తెలిసేది.

ఎనభైల్లో ఒక ఎండాకాలం పొద్దున హైదరాబాదు నుంచి చదువుకునే అమ్మాయి ఒకతె రైల్లో వచ్చింది. సంచిలోంచి గోధుమరంగు బిళ్ల తీసింది. గోదావరి వైపు దొరికిన పొడుగు మెడ రాక్షసబల్లి తొడ ఎముకలోంచి అడ్డంగా కోసిందట. ఎన్నడో రాయిగా మారిపోయింది. కాలేజీలో మిషను చెడిపోయిందని, నునుపు చేసిపెట్టమంది.

"జర పైలం చాచా. నాకున్నది గీ ఒక్కటే. ఏడాది కష్టమంత గిండ్లనే ఉన్నది."

"ముప్పై ఏండ్ల చెయ్యి బిడ్డా, ఫికర్ చెయ్యకు" అన్నాను.

ఆమె చాయ్ తాగి వచ్చేసరికి బిళ్ల తళతళలాడుతోంది. అలవాటు కొద్దీ దాని గుండ్రటి అంచు కూడా కోసి తిన్నగా చేశాను. ఆ పిల్ల మొహం పాలిపోయింది.

"అంచేది చాచా?"

"వంకరున్నది, కోసిన."

"అయ్యో! నాకు కావాల్సింది గదే!"

తప్పు నాదే. అయినా "ముందు చెప్పొద్దా?" అని ఆమె మీదే అరిచాను. ఆమె ఏడుపు దిగమింగుకుని వివరించింది. ఎదుగుదల ఆగినప్పుడల్లా ఎముకలో గీత పడుతుందట. ఈ పొడుగు మెడ బల్లుల పూర్వీకులు ఏటా ఆగి ఆగి పెరిగేవి. ఇవి ఆ ఆగడం మానుకుని, చిన్నతనమంతా ఏకబిగిన పెరిగి, అంతంత పెద్దవయ్యాయి. గీతలుంటే చివరి అంచులోనే ఉంటాయి, అవి దగ్గరదగ్గరగా ఉంటే పెరగడం అయిపోయినట్టు. అంచు లేకపోతే ఇది ఇంకా పెరుగుతున్నదో, పెరగడం అయిపోయిందో చెప్పలేనంది.

నాకు సిగ్గేసింది. మిషను ఆపేసి రాతి పెంకుల కుప్పలో ఇద్దరం వెతికాం. మధ్యాహ్నం అన్నం కూడా ముట్టలేదు. పొద్దు వాలుతుంటే నా చేతికే దొరికింది, వేలెడంత తునక. ముప్పై ఏళ్లలో మొదటిసారి, అంచు జోలికి పోకుండా దాన్ని రుద్దాను.

ఆమె భూతద్దం పెట్టి చూసి నాకిచ్చింది. చివరన గీతలు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి.

"పూర్తిగా పెరిగిందా బిడ్డా?"

"పెరిగింది చాచా. ఇగ పెరిగేది లేకుండె" అని ఏడుస్తూనే నవ్వింది.

తునకను బిళ్లకు అతికించాం. అతుకు ఎగుడుదిగుడుగా కనబడుతుంటే నా చెయ్యి ఊరుకుంటుందా, సరిచేద్దామని లేచింది. రెండో చేత్తో గట్టిగా పట్టుకున్నాను. అట్లాగే, వంకరగానే, నా తలగుడ్డలో చుట్టి ఆమె చేతిలో పెట్టాను.