కాఫీ తోటలో కట్టిన నేస్తం

అది 2010 డిసెంబర్. తెలంగాణ ఉద్యమం హోరెత్తుతున్న రోజులు. బాలానగర్‌లో కాఫీ గింజలు వేయించి అమ్మే ఒక చిన్న కంపెనీలో నేను కప్పర్‌ని, అంటే కాఫీ రుచి చూసి మంచిచెడ్డలు తేల్చే మనిషిని. గిన్నెల్లో పొడి వేసి, వేడినీళ్లు పోసి, చెంచాతో జుర్రుమని పీల్చాలి. దాన్నే కప్పింగ్ అంటారు. మా అమ్మ ఒకసారి వచ్చి చూసి, "పెండ్లి బంతిల చారు జుర్రినట్టు గిదేం పనే? దీనికి జీతం గూడ ఇస్తరా?" అని ముక్కున వేలేసుకుంది. ఇచ్చేవారు. హైటెక్ సిటీ ఆఫీసుల్లోని కాఫీ మెషీన్లలో చాలావాటికి గింజలు మావే. నా నాలుక ఒప్పుకోకుండా ఒక్క బస్తా కూడా గేటు దాటేది కాదు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను.

మాది ప్రగతి నగర్ దగ్గరి పాత ఊరు. ఉద్యమం నాకు పేపర్లో చదివే వార్త కాదు. ఆదివారం ఊరేగింపులో గొంతు చించుకునేదాన్ని, సోమవారం పొద్దున గిన్నెల ముందు కూర్చునేదాన్ని.

ఆ ఏడాది హైటెక్ సిటీలోని ఒక పెద్ద ఆఫీసు వాళ్లను పట్టుబట్టి ఒప్పించాను. నాలుగు చోట్ల గింజలు కలిపినది కాదు, ఒకే ఊళ్లో పండిన కాఫీని ఆ ఊరి పేరుతోనే మెషీన్‌లో పెట్టాలి. ఫిబ్రవరిలో రుచి పరీక్ష. నెగ్గితే ఆ ఊరి కాఫీ ఏటా మేమే కొంటాం. ఓడితే నేను ఇక ఆ మాట ఎత్తకూడదు. "నీ జిద్దు నీది. బరువు గూడ నీదే" అన్నాడు మా యజమాని.

నేను ఎంచుకున్నది విశాఖ ఏజెన్సీలో, పాడేరు దాటాక కొండమీదున్న ఒక గూడెం. ఇంటికింత చొప్పున చిన్న చిన్న కాఫీ తోటలు, నీడకు సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు. అక్కడి ఆడవాళ్ల సంఘానికి పెద్ద చిలకమ్మ. నా ఈడుదే. ఏటా కోతల కాలంలో వెళ్లి తోటలు చూసి రావడం నా ఉద్యోగంలో భాగం, నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం.

ఆ ఏడు మాత్రం తోటలోకి అడుగుపెట్టగానే తేడా కనిపించింది. కాఫీ పండు ఎర్రబడ్డాకే తెంపాలి. గింజకు తీపి చివరి రోజుల్లోనే దిగుతుంది. కానీ చిలకమ్మ బుట్టలో ఎరుపుతో పాటు పసుపు, పసుపుతో పాటు పచ్చి కాయలు. పచ్చివి కలిస్తే కప్పు మొత్తం వగరెక్కుతుంది. కుండెడు పాలకు ఒక్క చింతపండు రెబ్బ చాలదూ!

"ఏంది చిలకమ్మా గిది? పోయినేడు ఒక్క పచ్చి కాయ లేకుండ ఏరిచ్చినవ్ గద! దేవులాడినా దొరకలే. ఇప్పుడేమైంది?" అని అరిచాను.

ఆమె తెంపుతున్న చెయ్యి ఆపలేదు. "ఏటి సేస్తాం అమ్మా? రాష్ట్రం ఇడిపోతాదంట. ఇడిపోతే హైదరాబాదోల్లు మరి ఇటు రారంట. సంతలో అందరూ అదే మాట. ఇడిపోకముందే మొత్తం తెంపీసి నీకిచ్చీద్దామని..."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మేము అక్కడ దేనికోసం గొంతు చించుకుంటున్నామో, దానికే భయపడి వీళ్లు ఇక్కడ పచ్చి కాయలు తెంపుతున్నారు. నాకోసమే తెంపుతున్నారు, నా పరీక్షకే ఎసరు పెడుతున్నారు.

"రాష్ట్రం వేరైతే మా నాలుకలు మారుతయా? మంచి కాఫీ యాడున్నా వస్త. నువ్వేం ఫికర్ జేయకు. కావాల్నంటే రాసిస్త" అన్నాను.

"కాయితాలు శానా సూసినాం." చిలకమ్మ మొదటిసారి చెయ్యి ఆపి నా వైపు తిరిగింది. "నాతో నేస్తం కడతావా? అప్పుడు నమ్ముతాను."

నేస్తం కట్టడం అక్కడ ఆషామాషీ వ్యవహారం కాదు. ఊరి పెద్దల ముందు ఒకరికొకరు బట్ట పెట్టుకుని, ఒకే ఆకులో తినాలి. ఆనాటి నుంచి ఒకరి పేరు ఒకరు పలకకూడదు, "నేస్తం" అనే పిలవాలి. కులం వేరైనా, ఊరు వేరైనా ఆ బంధం తెగదు. తెంచుకున్నవాళ్లను ఊరు మనుషుల్లో లెక్కెయ్యదు. నేను ఒప్పుకుంటే ఏటా వాళ్ల కాఫీ కొంటామని కంపెనీ తరఫున మాటిచ్చినట్టే, అదీ యజమానిని అడగకుండా. రేపు ఆయన కాదంటే నా పరిస్థితి ఏమిటి? ఆలోచన అంతవరకే సాగింది. ఆమె కళ్లు చూశాక ఇంక ఆలోచించబుద్ధి కాలేదు. చలికని కొనుక్కున్న శాలువా మడత కూడా విప్పలేదు, ఆ సాయంత్రం ఊరి పెద్దల ముందు అదే ఆమెకు కప్పాను. ఆమె నాకు చీర పెట్టింది. ఒకే ఆకులో అన్నం, కందిపప్పు తిన్నాం.

మర్నాడు కోత ఆగింది. పచ్చివన్నీ వేరుచేసి విడిగా ఎండబోశారు, వాటిని సంతలో అమ్ముకుంటారు. మిగిలిన పండు చెట్టుమీదే ఎర్రబడేదాకా ఆడవాళ్లంతా ఓపిక పట్టారు. బంద్‌ల మధ్య లారీలు ఎప్పుడు కదులుతాయో తెలియని రోజుల్లో అలా ఆగడానికి ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు. హైదరాబాద్‌కు తిరిగొచ్చి సంగతి చెబితే యజమాని తల పట్టుకున్నాడు. "చుట్టరికం గూడ కలుపుకొచ్చినవా తల్లీ! మంచిది, ముందు కాఫీ రానియ్" అన్నాడు.

వచ్చింది, పరీక్షకు సరిగ్గా అందింది. హైటెక్ సిటీ ఆఫీసులో మూడు ఊళ్ల కాఫీలు పేర్లు చెప్పకుండా వరసగా పెట్టాం. తాగినవాళ్లలో ఎక్కువమంది చెయ్యి చూపింది రెండో గిన్నెకే. బెల్లపు తీపి, చివర్లో నారింజ తొక్క వాసన, వగరు జాడ కూడా లేదు. అది మా గూడెం కాఫీయే. నా కళ్లు చెమర్చాయి, దాచుకోలేదు.

ఆ ఆఫీసు మేనేజర్‌ది రాజమండ్రి వైపు. గూడెం పేరు చెప్పగానే పొంగిపోయి, "మా ఆంధ్రా కాఫీ అన్నమాట! మీరు తెలంగాణవారు కదండీ, అయినా మా కాఫీని ఇలా మోసుకొచ్చారే!" అన్నాడు.

"మీది గాదు, మాది గాదు సార్. నా నేస్తం కాఫీ" అన్నాను. ఆయనకు అర్థమైందో లేదో గానీ, మెషీన్ పక్క బోర్డు మీద ఆ గూడెం పేరు అచ్చేయించాడు. దాని ఫోటో తీసుకెళ్లి చూపిస్తే గూడెమంతా చేతులు మారింది.

ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఒక్కటే. రుచి చూడటం నాలుకకు వస్తుంది, కానీ ఆ రుచి గింజలోకి దిగాలంటే పండించేవాళ్లకు రేపటి మీద నమ్మకం ఉండాలి. భయపడిన చెయ్యి పచ్చి కాయనే తెంపుతుంది.

2014లో మా రాష్ట్రం మాకు వచ్చింది. వీధిలో డప్పులు మోగుతుంటే ఒకరి ముఖాన ఒకరం రంగులు పూసుకున్నాం. ఆ వారం సంత రోజున పాడేరు నుంచి ఫోన్ వచ్చింది.

"నేస్తం, మీ రాష్ట్రం మీకొచ్చీసింది గదా. సంతోషమేనా?"

"మస్తు సంతోషం నేస్తం."

ఆమె అడగబోయేది నాకు తెలుసు, అడగనివ్వలేదు.

"కోతలకు వస్త. జర నిదానంగ తెంపుండ్రి, ఆత్రపడి పచ్చివి తెంపకుండ్రి."

నేస్తం పకపకా నవ్వింది. "నేస్తానికి పచ్చివి పెడతానేటి?"