దస్తగిరి గొంతు

వాషర్‌మెన్‌పేట్‌లో పరుపులు కుట్టే దూదేకుల ఇంట్లో పుట్టాడు దస్తగిరి. తల్లి పోయాక తండ్రి అతన్ని ఆంబూరు వైపు ఒక మదరసా హాస్టల్లో చేర్చాడు. అక్కడ అందరిదీ ఉర్దూ. ఇతని తెలుగు విని తోటివాళ్ళు నవ్వేవాళ్ళు. ఏడుస్తూనే ఖురాన్ మొత్తం కంఠస్థం చేశాడు. జ్వరం వచ్చిన చిన్నవాళ్ళ పక్కన కూర్చుని గంజి తాగించేవాడు. అలా అతని చేతిలో కోలుకున్నవాడే షఫీ.

చదువయ్యాక దస్తగిరి తమ పేటలోనే ఒక చిన్న మసీదులో అజాన్ ఇచ్చి జనాన్ని నమాజుకి పిలిచే పనికి కుదిరాడు. షఫీ కూడా ఖురాన్ కంఠస్థం చేసినవాడే గానీ, షోళింగనల్లూరులో ఆఫీసు క్యాబ్ నడపసాగాడు. రంజాన్ రాత్రుల నమాజులో ఖురాన్ అంతా చదివి వినిపించేది దస్తగిరే. ఆ గొంతు కోసం పక్క పేటల జనమూ వచ్చేవాళ్ళు.

నిరుడు ఆ గొంతులో పుండు లేచింది. క్యాన్సర్ అన్నారు. స్వరపేటిక తీసేయాలన్నారు.

"రంజాన్ అయినాక చేయించుకుంటా," అన్నాడు దస్తగిరి.

భార్య మాబున్ని ఒప్పుకోలేదు. "అందాకా అది ఆగుతాదా? నువ్వు చదవకపోతే ఆడ ఇంకొకరు చదువుతారు. నువ్వు లేకపోతే నాకెవురుండారు?"

దస్తగిరి మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మసీదుకెళ్ళి ఆఖరిసారి అజాన్ ఇచ్చి, ఆస్పత్రికి బయల్దేరాడు.

ఆ రంజాన్‌కి చదివే పని షఫీ మీద పడింది. మెడకు గుడ్డ కట్టుకుని దస్తగిరి అతని వెనకే నిలబడ్డాడు. ఒక రాత్రి షఫీ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాడు. వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివాడు. మళ్ళీ అక్కడే ఆగాడు. అలాంటప్పుడు వెనకున్నవాళ్ళు మాట అందించాలి. అక్కడ అది తెలిసినవాడు దస్తగిరి ఒక్కడే. నోరు తెరిచాడు. మెడలోని రంధ్రంలోంచి గాలి బుసకొట్టింది, అంతే. షఫీ ఆ వాక్యం వదిలేసి, నడుం వంచి నమాజు ముందుకు సాగించాడు.

నమాజు కాగానే వచ్చి అతని దగ్గర కూర్చున్నాడు. "అన్నా, స్టీరింగ్ పట్టినాక సగం మరిచిపోయినా. రేపట్నుంచి నీ ముందర కూర్చోని చదువుతా. తప్పు పోతే తట్టు."

మర్నాటి నుంచి డ్యూటీకి ముందు షఫీ దస్తగిరి ఇంటికి వచ్చి చదివేవాడు. తప్పు దొర్లితే దస్తగిరి అతని మోకాలి మీద తట్టేవాడు. సరైన మాట వచ్చేదాకా చెయ్యి తీసేవాడు కాదు. పండగలోపే మసీదులో ఖురాన్ పూర్తయింది. మెచ్చుకుని కౌగలించుకోవడానికి వచ్చినవాళ్ళకి షఫీ దస్తగిరిని చూపించాడు.

పక్కింటి పంకజం మాబున్నిని అడిగింది. "ఇంట్లో మళ్ళీ చదువు వినపడతా ఉండాదే. నీ మనసు కుదుటపడిందా అక్కా?"

"అది షఫీ గొంతు కదమ్మా," అంది మాబున్ని. "ఈయన సందు మలుపులో నుంచే 'మాబున్నీ, టీ పెట్టు' అనేవాడు. ఇప్పుడు ఎప్పుడొస్తాడో తెలీదు. తిరిగి చూస్తే గుమ్మంలో నిలబడుంటాడు."