ముద్ర కొట్టిన కొస

నల్లమలలో చెట్లు కొట్టుకునే కూపు వేలంలో పాడుకున్న నాటినుంచి ఓబుళరెడ్డికి కంటిమీద కునుకు లేదు. రంపం పళ్ళు రాలితే కొత్తది కొన్నాడు. ఎద్దు కాలు విరిగితే జతే మార్చాడు. ఇవాళ కనుమ దిగుతుంటే టేకు దుంగ బరువుకు బండి ఇరుసు ఫెళ్లున విరిగింది.

"పక్కనే చండ్రమాను ఉండాది, కొట్టేదా రెడ్డీ?" అన్నాడు బండి తోలే దస్తగిరి.

"పచ్చమాను మీద గొడ్డలేస్తే బండీ ఎద్దులూ జప్తే! దొంగ బతుకు నాకొద్దప్పా. మన దుంగనే కోయి."

గుండె కోసినట్టే ఉన్నా, దుంగలో మూడో వంతు కోయించాడు. దస్తగిరి దాని కొసలు తెగ్గొట్టి, బాడిసెతో చెక్కి ఇరుసు బిగించాడు. ఆ ముక్కలూ, రాలిన పేళ్ళతోనే ఇద్దరూ సంగటి వండుకు తిన్నారు.

మధ్యాహ్నానికి అడవి గేటు కనబడింది. కొట్టిన ప్రతి దుంగకూ ఒక కొసన కూపులోనే అక్కడి గార్డు సుత్తితో సర్కారు ముద్ర వేస్తాడు. గేటు దగ్గర అది లేని కర్ర దొంగ కర్రే. గేటు గార్డుకు బాగా కనబడాలని, ఓబుళరెడ్డి ఎప్పటిలాగే దిగి దుంగ కొసకంటిన మట్టి తుడిచాడు. ముద్ర లేదు. రెండో కొసకు పరుగెత్తాడు. అక్కడ పచ్చి కోత తళతళలాడుతోంది.

ముద్ర ఉన్న కొస పొద్దున సంగటి కింద బూడిదైంది.

"రా రెడ్డీ! ముద్ర చూపిచ్చి పో" అంటూ గార్డు లేచి వస్తున్నాడు.

ఓబుళరెడ్డి చెయ్యి ఏమీ లేని ఆ కోతనే తుడుస్తూ ఉండిపోయింది.