అండాలమ్మ పేరు మీద గోలీలు

గోపయ్య ఇప్పుడు వనస్థలిపురంలో తన ఇంటి మెట్లు ఎక్కాలంటే మధ్యలో రెండుసార్లు ఆగుతాడు. ఆగినప్పుడల్లా జేబులోంచి ఫోను తీసి, ఏదో ముఖ్యమైన సంగతి వచ్చినట్టు చూస్తాడు. ఆయాసం అని పక్కింటివాళ్లు అనుకోకూడదు కదా. ఒకప్పుడు సాయంత్రం ఆరింటికి దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద బస్సులు, ఆటోలు, తోపుడు బండ్లు, కోచింగ్ వదిలిన పిల్లలు అందరూ పక్కకు జరిగి ఈ మనిషికి దారిచ్చేవాళ్లు. వాళ్లు దారిచ్చింది తనకు కాదు, తన బండికి అని ఇప్పుడు తనే ఒప్పుకుంటాడు. అప్పట్లో మాత్రం తనకే అనుకున్నాడు.

ఆ బండి ఫైరింజను. నల్లగొండ పల్లె నుంచి లారీ క్లీనరుగా వచ్చి, డ్రైవరై, ఆ తర్వాత అదృష్టం తలుపు తట్టి సర్కారు నౌకరీలో చేరాడు. ఇరవై ఏడేళ్లు నడిపాడు. ఫైరింజను డ్రైవరు పని స్టీరింగుతో అయిపోదు. మంట దగ్గరికి చేరాక వెనక్కి పరుగెత్తి పంపు తిప్పాలి. పైపు పట్టుకుని లోపలికి వెళ్లినవాడికి నీళ్లు తగ్గకుండా చూడాలి. తగ్గితే లోపలివాడు కాలిపోతాడు. స్టేషన్లో గంట మోగిందంటే నిమిషంలోపు బండి గేటు దాటాలి. అన్నం ముందున్నా, స్నానాల గదిలో ఉన్నా సరే. ఒకసారి ఒక చెవికి సబ్బు నురగతోనే సైదాబాద్ దాకా వెళ్లాడట. ఆ కథ చెప్పేటప్పుడు గోపయ్య తన చెవిని తానే పట్టుకుని చూపిస్తాడు. ఎంతమంది నవ్వితే అంత సంతోషం.

ఆయనకు ఇంకో గొప్ప కూడా ఉండేది. ఏడాదికోసారి డ్రైవర్లకు డాక్టరీ పరీక్ష జరుగుతుంది. అందరికీ గుబులే. పరీక్షకు రెండు రోజుల ముందు నుంచి స్టేషన్లో పచ్చళ్ల డబ్బాలు మూతపడేవి. ధనియాలు నానబెట్టిన నీళ్లు చెంబులతో తాగేవాళ్లు. పరీక్ష గది బయట ఒక్కరూ మాట్లాడకుండా, కళ్లు మూసుకుని, ఊపిరి మెల్లగా తీసుకుంటూ కూర్చునేవాళ్లు. బీపీ ఎక్కువ వస్తే స్టీరింగు మీద నుంచి దించి ఆఫీసు బల్ల ముందు కూర్చోబెడతారు. బల్ల అంటే గోపయ్యకు నిప్పుకన్నా భయం. "నన్ను బల్ల కాడ కూసోబెడితె నాకంటె ఆ బల్లనే ఎక్కువ పని చేస్తది" అనేవాడు. ప్రతి ఏడూ ఆయన పేరు ఎదుట 'ఫిట్' అని పడేది. ఆ రోజు చొక్కా పై గుండీ విప్పుకుని తిరిగేవాడు.

ఆ ఫిట్ వెనక ఉన్న గుట్టు ఇద్దరికే తెలుసు. ఒకడు గోపయ్య. రెండోవాడు దిల్‌సుఖ్‌నగర్‌లో మందుల షాపు నడిపే రామారావు, గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ పెద్దమనిషి. ఆరేళ్ల కింద తల తిరుగుతోందని షాపు మెట్ల మీద కూలబడితే బీపీ చూసింది ఆయనే. చూసి, మళ్లీ చూసి, గోపయ్యను దగ్గరుండి సందులో ఉన్న డాక్టరు దగ్గరికి పంపాడు. డాక్టరు చీటీ రాశాడు. గోపయ్య ఆ చీటీతో మొదటి నెల మందు కొని, షాపు ముందే చీటీని ముక్కలు ముక్కలుగా చింపేశాడు.

"బిల్లు ఎవరి పేరు మీద వెయ్యమంటారండీ?" అన్నాడు రామారావు.

"నా పేరు వద్దు సార్. స్టేషన్ల ఎవని కంట్ల పడ్డా నా బతుకు బల్ల పాలైతది. అండాలమ్మ అని కొట్టుండ్రి."

"ఆవిడెవరండీ?"

"నా భార్య. ఆమెకు ఏ రోగం లేదు. ఉన్నట్టు రాస్తె ఏం పోతది."

ఆ తర్వాత ఆరేళ్లు నెలనెలా బిల్లు అండాలమ్మ పేరు మీదే వచ్చింది. గోలీలు మాత్రం గోపయ్య మింగాడు. ఆ సందులో డాక్టరు ముసలివాడు, కొన్నాళ్లకు కాలం చేశాడు. సాక్ష్యం కూడా పోయిందని గోపయ్య లోపల్లోపల కాస్త తేలికపడ్డాడు కూడా. అంత తెలివి.

పోయిన వేసవిలో ఎల్‌బీ నగర్ అవతల ప్లాస్టిక్ కుర్చీల గోదాం తగలబడింది. మిట్టమధ్యాహ్నం. నాలుగు గంటల పాటు నల్లటి పొగలో నిలబడి పంపు తిప్పాడు గోపయ్య. మాస్కు మెడలో వేలాడుతూనే ఉంది, మూతికి పెట్టుకోలేదు. పెట్టుకుంటే కుర్రాళ్లు ముసలోడనుకుంటారని. ఎడమ చెయ్యి లాగుతున్నా బండిని తిరిగి స్టేషనుకు తెచ్చి, గీత మీద సరిగ్గా నిలబెట్టి, తాళంచెవి కొక్కేనికి తగిలించి, అప్పుడు కింద పడ్డాడు. దవాఖానలో స్టెంట్లు వేశారు. గుండె పంపింగ్ ముప్పై శాతమే ఉందని, ఇక ఆ ఉద్యోగం పనికిరాదని చెప్పారు. ఇరవై ఏడేళ్లు సర్కారు పంపుకు ప్రెషరు తగ్గకుండా చూసినవాడు సొంత పంపును గాలికొదిలేశానని, మంచం మీద పడుకుని కూడా పరామర్శకు వచ్చినవాళ్లను నవ్వించాడు. అండాలమ్మ ఒక్కతే నవ్వలేదు.

స్టేషన్లో కాగితాల పని చూసే శేఖర్ ఇంటికొచ్చి సంగతి విడమరిచి చెప్పాడు.

"అన్నా, ఇట్ల అనారోగ్యంతోని దిగిపోతె మామూలు పింఛను ఒస్తది. కానీ గీ గుండె జబ్బు డ్యూటీ వల్లనే ఒచ్చిందని మెడికల్ బోర్డు రాస్తె పెద్ద పింఛను. నీ తర్వాత వదినెకు కూడ మంచిగ ఒస్తది. తేడా చిన్నది కాదు. జర నిమ్మలంగ మాట్లాడు. వాళ్ల ముంగట డాబు కొట్టకు."

"నేనెందుకు కొడత" అన్నాడు గోపయ్య.

బోర్డులో ముగ్గురు డాక్టర్లు. మధ్యలో కూర్చున్నావిడ పేరు ఉదయలక్ష్మి. కళ్లజోడు కొంచెం కిందికి దించి మర్యాదగానే అడిగింది. ఇంతకుముందు బీపీ గానీ గుండె దడ గానీ ఉండేదా?

గోపయ్య వీపు నిటారు చేశాడు. "ఏం లేదు మేడం. ఇరవై ఏడేండ్లల్ల ఒక్కసారి సిక్కు లీవు పెట్టలే. ప్రతి ఏడు ఫిట్. కావల్నంటె రిజిస్టర్ చూసుకోండ్రి."

"డ్యూటీలో ఒత్తిడి ఉండేదా? గంట మోగితే కంగారు, నిద్ర లేకపోవడం, అట్లాంటివి?"

"అసొంటిది మనకు లేదు మేడం. మంటంటె మనకు ఆట."

ఆవిడ రాసుకుంది. బయటికొచ్చిన గోపయ్యకు పతకం వచ్చినంత హాయిగా ఉంది. మెట్రోలో ఎల్‌బీ నగర్ దగ్గర దిగేముందు శేఖర్ అన్నాడు.

"అన్నా, నీకు కొత్తగ ఉద్యోగం ఇయ్యనీకి ఇంటర్వ్యూ చేసినరనుకున్నవా? డ్యూటీ నాకు ఆట అని నువ్వే చెప్తివి. ఆట ఆడితె గుండె ఎట్ల పాడైతదని వాళ్లడగరా? ఆ మేడం మంచిది కాబట్టి నన్ను పక్కకు పిలిచి ఇరవై రోజులు టైమిచ్చింది. ఇంత పాడైన గుండె ఒక్క రోజుల పాడు కాదంట. నౌకరీల చేరినంక ఎప్పుడు మొదలైందో పాత కాయితం ఒక్కటన్న తెమ్మన్నది. ఉన్నదా?"

ఉంది. కాకపోతే అండాలమ్మ పేరు మీద ఉంది.

ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి గోపయ్యకు మూడు రోజులు పట్టింది. మంటలోకి వెళ్లడం తేలిక, అండాలమ్మ ముందుకు వెళ్లడం కష్టం. ఆమె బియ్యం ఏరుతూ మొత్తం విని, చాట పక్కన పెట్టింది.

"ఆరేండ్ల సంది నాకు బీపీ ఉన్నదా? నాకు చెప్పకుండనే?"

"ఉత్తగ పేరే గదా."

"నీకు రోగమొస్తె నాకు చెప్పవు. నా పేరు మాత్రం షాపుల చెప్తవు. వేరే పేరు దొరకలేదా నీకు?"

"ఇంకెవరి పేరున్నది నాకు" అన్నాడు గోపయ్య.

అది గొప్ప కోసం అన్న మాట కాదు. అందుకే కాబోలు ఆమె చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. మర్నాడు మాత్రం తానూ బోర్డుకు వస్తానంది. తనకు ఏ జబ్బూ లేదని తేలితే ఆ గోలీలు ఎవరు మింగారో వాళ్లకే అర్థమవుతుందని ఆమె లెక్క. శేఖర్‌కూ ఆ లెక్క నచ్చింది. గోపయ్యకు మాత్రం నచ్చలేదు. ఇరవై ఏడేళ్ల ఫిట్ పేరు ఆ రోజుతో ఆఖరు. తాను దొంగ ఫిట్ అని స్టేషనంతా తెలిసిపోతుంది. బీపీ దాచి ఫైరింజను నడిపినందుకు ఏం రాస్తారో కూడా తెలియదు. రెండు రోజులు ఈ పరువు గురించే మథనపడ్డాడు. తాను పోయాక అండాలమ్మ ఏం తింటుందన్న సంగతి మూడో రోజు గాని తట్టలేదు. తట్టాక తనను తానే తిట్టుకున్నాడు.

రామారావు షాపు మూసి మరీ వచ్చాడు, ఆరేళ్ల బిల్లులు కంప్యూటర్లోంచి తీయించి కట్టగట్టి. బోర్డు ముందు గోపయ్య ఈసారి వీపు వంచే నిలబడ్డాడు.

"పోయినసారి అబద్ధం చెప్పిన మేడం. బీపీ ఉండె. దాచిన. బండి దించుతరని దాచిన. గంట కొడితె ప్రతిసారి గుండె గొంతులకొచ్చేది. పొగల ఊపిరి ఆడకపోయేది. భయమైతుండె మేడం. ఇరవై ఏడేండ్లు భయమైంది. ఆట అని ఉత్తగ అన్న."

గదిలో శేఖర్ నేల చూపులు చూస్తున్నాడు. ఉదయలక్ష్మి బిల్లులు తిరగేసింది. "అన్నిటి మీదా ఈమె పేరే ఉంది గోపయ్య గారూ. ఇవి ఈమె మందులు కావని నేనెట్లా నమ్మాలి?"

"నేను అమ్మినవాణ్నండీ. ప్రతి నెలా ఆయనకే ఇచ్చాను, ఆయన బీపీ నేనే చూసేవాణ్ని" అన్నాడు రామారావు. "పేరు అలా వెయ్యడం నా తప్పేనండి."

అండాలమ్మ కొంగు సర్దుకుని ముందుకొచ్చి చెయ్యి చాపింది. "నన్ను చూడండ్రి మేడం. నాకేం లేదు. చూస్తె మీకే ఎరుకైతది."

డాక్టరమ్మ పట్టీ చుట్టి గాలి కొట్టింది. ముల్లు చూసింది. అండాలమ్మను పది నిమిషాలు కూర్చోబెట్టి, మంచినీళ్లిప్పించి మళ్లీ చూసింది. రెండో చేతికి కూడా చూసింది. నూట ఎనభై మీద నూట పది.

శేఖర్ మొహం వాడిపోయింది. కాగితాలన్నీ అండాలమ్మవే అని తేలిపోయిందనుకున్నాడు. గోపయ్య మాత్రం పింఛను సంగతే మరిచిపోయాడు. "మేడం, నా కాయితం పక్కకు పెట్టుండ్రి. ఆమెకు ముందుగల గోలీ ఇయ్యుండ్రి" అన్నాడు.

"ఇస్తాను. మీరు కూర్చోండి" అంది ఉదయలక్ష్మి. ఆమె పక్కనున్న డాక్టర్లతో కాసేపు మాట్లాడి, బిల్లుల కట్ట మీద చెయ్యి పెట్టింది. "ఈమెకు బీపీ మామూలుగా ఉండుంటే నేను అనుమానపడేదాన్ని. ఆరేళ్లు ఈ గోలీలు వాడింది కాబట్టే మామూలుగా ఉందని అనుకునేదాన్ని. నెల తప్పకుండా ఇంత మోతాదు మింగిన మనిషికి నూట ఎనభై ఉండడం అరుదు. ఈమె బీపీ, రామారావు గారు చెప్పిన మాట, మీరు దవాఖానలో చేరినప్పటి మీ గుండె రిపోర్టు, మూడూ కలుస్తున్నాయి. ఈ మందులు ఈమె మింగలేదు."

డ్యూటీలో ఉండగా మొదలై, డ్యూటీ వల్ల ముదిరిన జబ్బు అని బోర్డు రాసింది. బీపీ దాచి బండి నడిపిన సంగతి కూడా కిందనే రాసింది. దానికి సంజాయిషీ వేరే ఇచ్చుకోవాలని చెప్పింది. గోపయ్య తలూపాడు. ఇన్నాళ్లూ దాచుకున్న పరువు ఇంత చిన్న వాక్యంలో పోతుందని ఆయన అనుకోలేదు. పోయాక తేలిగ్గానే ఉంది.

ఉదయలక్ష్మి ఇంకో కాగితం తీసుకుని అండాలమ్మ వైపు తిరిగింది. "ఎన్నాళ్లనుంచి తల నొస్తోందమ్మా?"

"ఎప్పటిసందో మేడం. పెండ్లైన కాడి నుంచి అనుకోరాదు. ఇంటి ముంగట రోడ్డు మీద సైరను పోతె, ఇయ్యాల ఈయన తిరిగొస్తడో రాడో అని వాకిట్ల నిలబడేదాన్ని. బండి వాపసు పోయినట్టు ఫోను ఒచ్చేదాక అన్నం తినకపోయేది. ఫోన్లు లేని రోజులల్లనైతె తెల్లారేదాక నిలబడ్డ. అందరి ఇండ్లల్ల గింతే ఉంటదనుకున్న."

డాక్టరమ్మ చీటీ రాసి ఇచ్చింది. అండాలమ్మ దాన్ని తీసుకుని, బోర్డు గోపయ్యకు రాసిచ్చిన కాగితం పక్కన పెట్టి చూసింది. చదువు రాదు గానీ రెండింటిలో ఏది పొడుగో తెలుస్తోంది.

"మేడం, ఆయనది డ్యూటీ వల్ల ఒచ్చిందని రాసిన్రు. మరి నాది దేని వల్ల ఒచ్చిందని రాసిన్రు?"

ఉదయలక్ష్మి కలం మూత పెట్టబోయి ఆగింది. రామారావు కిటికీలోంచి బయటికి చూశాడు. ప్రతిదానికీ ఏదో ఒక పరాచికం ఆడి జనాన్ని నవ్వించే గోపయ్య ఆ చీటీ అందుకుని, దాని మీద అండాలమ్మ పేరు ఉందో లేదో చూశాడు.