కెంచమ్మ పిలుపు

ఆ రోజు ఉద్దనపల్లి స్టాపులో గులాబీ తోట వ్యాను ఎక్కినవాళ్లలో నాలుగు గొర్రెలు, ఒక పొట్టేలు కూడా ఉన్నాయి. గొర్రెలు నడిమి వరుసలో సర్దుకున్నాయి. పొట్టేలు డ్రైవరు వెనక కిటికీ పక్కన నిలబడి, రాయకోట రోడ్డు చూస్తూ నెమరు వేసింది. ముందే సీటు పట్టుకుని కునుకు తీస్తున్న ఒకామె జడలోని కనకాంబరాలు సగానికి పైగా పోయాక గానీ ఆమెకు సంగతి తెలియలేదు. ఆ జడ నాదే.

డ్రైవరు అజిత్ అద్దంలో చూసి, "ఎవరిదమ్మా ఈ పొట్టేలు? పాసు యాడ?" అన్నాడు.

తప్పు కెంచమ్మది. తోటపనిలో ఆమెకది మొదటి రోజు. మిగతా ఆడవాళ్లంతా వ్యాను తలుపు దగ్గర గుంపుకట్టి, నువ్వెక్కంటే నువ్వెక్కని మాట్లాడుకుంటున్నారు. కెంచమ్మ బుద్ధెరిగినప్పటి నుంచీ గొర్రెలు తోలిన మనిషి. అలవాటు కొద్దీ మందను పిలిచినట్టే నాలుక అంగిలికి ఆనించి "ట్ర్ర్ర్... బా!" అంది. ఆడవాళ్లు కదల్లేదు. రోడ్డు పక్కన ఆమె మొగుడు నరసింహప్ప మేపుతున్న మంద కదిలింది. ముందున్న ఐదూ ఎక్కేశాయి. మిగతావి తలుపు దగ్గర తమ వంతు కోసం నిలబడ్డాయి.

నరసింహప్ప రొప్పుతూ వచ్చాడు. "చూసినావా? నువ్వు పోయేది వాటిక్కూడా ఇష్టం లేదు. దిగు, ఇంటికి పోదాం."

సిగ్గుతో కెంచమ్మ ముఖం కందిపోయింది. అయినా మెట్టెక్కి పట్టుకున్న వ్యాను కడ్డీ వదల్లేదు. "గొర్రెల్ని దించు మామా. నేను దిగను."

ఆ 'దిగను' అనే మాట నోటికి రావడానికి ఆమెకు ఏడాదికి పైనే పట్టింది.

ఊరి చుట్టూ బీళ్లన్నీ ఒక్కొక్కటే ఇళ్ల సైట్లయిపోయాయి. నిన్న మేపినచోట ఇవాళ పసుపు రాళ్లు, రేపు ముళ్లకంచె. కెంచమ్మ గొర్రెలు రాళ్ల మధ్య గడ్డి వెతుక్కుంటుంటే, ఎవరో ఒకరు బైకు ఆపి కేకలేసేవాళ్లు. ఒకనాడు ఆమె కర్ర మీద గడ్డం ఆనించుకుని నిలబడి ఉండగా, తన లోపలి నుంచే ఎవరో "చాలమ్మా" అన్నట్టు అనిపించిందట. వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. మందలో ఒక గొర్రె మాత్రం ఆమెనే చూస్తోంది.

ఆ మాట మొదట కోడలు రేణుకు చెప్పింది. రేణు, నేను ఒకే షెడ్డులో పూలు కట్టలు కడతాం.

"మా తోటలో మనుషులు కావాలంటుండారు అత్తా, రా," అంది రేణు.

"ఆ తోట మీది ప్లాస్టిక్ కప్పు కింద ఊపిరాడతాదా? మేస్త్రి తిడితే ఏం జేసేది?"

"గొర్రెల్ని తిట్టినట్ల తిట్టు. నీకు రాని తిట్లా?"

రేణు నవ్వింది గాని కెంచమ్మకు భయం పోలేదు. పగలంతా పోవాలనిపించేది, దీపం పెట్టేవేళకు వద్దనిపించేది. ఆమె తోటకు పోతే ఒక్కడి చేత మంద సాగదు, ఎవరికైనా ఇచ్చేయాల్సిందే. దానికి తోడు నరసింహప్ప ఒక మాటన్నాడు. అరిచి అని ఉంటే ఆమె పట్టించుకునేది కాదు. సంగటి ముద్ద విరుచుకుంటూ, తల వంచుకుని, మెల్లగా అన్నాడు.

"మంద పోతే నీ పిలుపుకు పలికేదెవరే?"



ఈలోగా మత్తూరు చుట్టం శ్రీరంగప్ప మందను తాను తోలుకుపోతానని, త్వరగా ఒక మాట చెప్పమని కబురు పెట్టాడు. ఇంక ఊగిసలాడడానికి వీల్లేదు. ఇలాంటప్పుడు మావైపు చేసేది ఒకటే, బీరప్ప గుడిలో పూవు అడగడం. తడిపిన పూలు స్వామి రెండు భుజాల మీదా అంటిస్తారు. మనసులో అడగాల్సింది అడిగి కూర్చోవాలి. కుడిభుజం పూవు ముందు రాలితే సరే అన్నట్టు. ఎడమది రాలితే వద్దన్నట్టు.

ఎడమది రాలింది.

"స్వామే చెప్పినాడు," అని నరసింహప్ప ఉత్సాహంగా కొబ్బరి చిప్ప అందుకున్నాడు. కెంచమ్మ కూడా హమ్మయ్య అనుకోవాలి కదా? భయం తప్పింది, ఉన్నచోటే ఉండొచ్చు. కానీ ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చుంటే గుండెలో గొర్రెపిల్ల చచ్చిపోయినట్టు ఉంది. పొగ లేకుండానే కళ్లు తుడుచుకుంటోందని రేణు మరునాడు నాతో చెప్పింది.

అదే నెలలో ఊళ్లో చిక్కమ్మ అనే ఆమె బోరు వేయించడానికి పూవు అడిగింది. ఎడమదే రాలింది. ఇంకొకరు పెళ్లి సంబంధానికి అడిగారు. మళ్లీ ఎడమదే. ఊళ్లో ఎవరికీ ఏదీ కుదరడం లేదు. స్వామికి కోపమొచ్చిందని కొందరు, ఏదైనా మొక్కు మరిచామేమోనని కొందరు తలలు పట్టుకున్నారు.

కెంచమ్మ మనసు ఊరుకోలేదు. మళ్లీ గుడికి పోయి ఒక మూల కూర్చుంది. గొర్రెలు తోలేవాళ్లు యాడికి పోయినా ముందు గాలి చూస్తారు. ఆమె చూపు అగరొత్తి పొగ మీద పడింది. పొగ పైకి పోకుండా స్వామి ఎడమభుజం మీదుగా వంగి పరుగెడుతోంది. పొగ వచ్చే దారి వెనక్కి చూస్తే, పూజారి ఆదిశేషయ్య చాప పక్కన ఒక కొత్త టేబుల్ ఫ్యాను ఉంది.

"పూజారప్పా, ఆ ఫ్యాను ఎప్పుడు వచ్చిందప్పా?"

"ఎండలు మొదలైనప్పుడు. చిక్కమ్మ కొడుకు ఇచ్చినాడు. ఎందుకమ్మా?"

"గాలంతా స్వామి ఎడమపక్కకే తగల్తాంది. ఆ పూవే ముందు ఆరతాది, ఆరినది రాలదా?"

ఆదిశేషయ్య ఫ్యాను వంక చూశాడు, స్వామి వంక చూశాడు, చివరికి పెళ్లి ఆగిపోయినవాళ్ల ఇంటి వంక చూశాడు. "ఈ మాట బయట అనొద్దమ్మా," అని ఫ్యాను ఆపేశాడు. అప్పటికప్పుడు కొత్త పూలు తడిపి రెండు భుజాలకూ అంటించాడు. "అడుగు తల్లీ. ఈసారి గాలి లేదు, ఏమీ లేదు."

కెంచమ్మ చేతులు జోడించింది. కళ్లు కుడిభుజం మీదే ఉన్నాయి. రాలు, రాలు అని లోపల గొణుక్కుంటోంది. ఒకవేళ ఎడమది రాలితే రేపొస్తాను అనుకుంది. రేపూ అట్లే అయితే ఎల్లుండొస్తాను. ఆ తరువాత మంగళవారం... అంతవరకూ వచ్చాక ఆమెకు నవ్వొచ్చింది. కుడిది రాలేదాకా అడుగుతూనే ఉండేదానికి, స్వామిని అడగడమెందుకు?

లేచి కొంగు దులుపుకుంది.

"పోతావా? పూవింకా రాలలేదే!"

"స్వామిని కష్టపెట్టొద్దులేప్పా. నాకు తెలిసిపోయింది."

గుడి మెట్లు దిగుతుంటే నెత్తి మీది గడ్డిమోపు దించినట్టుందని తరువాత చెప్పింది. భయం పోలేదట. పక్కనే నడిచి వచ్చిందట. "వస్తే రానీ, దానికీ ఒక సీటు ఇస్తాం," అనుకుందట. ఆ రోజు ఏ పూవు ముందు రాలిందో ఆదిశేషయ్య ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. నరసింహప్ప ఇంకా అడుగుతూనే ఉన్నాడు.

అదీ వ్యాను కడ్డీ పట్టుకుని కెంచమ్మ 'దిగను' అనడానికి వెనక ఉన్న కథ. గొర్రెల్ని అందరం తలా ఒక చెయ్యి వేసి దించాం. పొట్టేలు మాత్రం కిటికీ సీటు వదలడానికి ఒప్పుకోలేదు. అజిత్, నరసింహప్ప కలిసి ముందరి కాళ్లొకరు, వెనక కాళ్లొకరు పట్టుకుని, పెళ్లికొడుకును దించినట్టు దించారు.

మేము పోయేలోపే సంగతి తోటకు చేరిపోయింది. మేస్త్రి తమిళ్‌సెల్వి గేటు దగ్గరే నిలబడి, "వాంగక్కా, రాండి, రేపు ఎనుముల్ని తెస్తారా?" అంది. మొదటి రోజే పొమ్మంటారేమోనని గుండె గుప్పిట్లో పెట్టుకుని వచ్చిన కెంచమ్మ ఆ నవ్వు చూసి అక్కడే నేల మీద కూలబడి, తనూ నవ్వింది. ప్లాస్టిక్ కప్పు కింద ఊపిరి బాగానే ఆడింది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు నా భుజం మీద తల వాల్చి, నోరు తెరిచి, ఊరు వచ్చేదాకా గురక పెట్టింది. అంత నిశ్చింతైన గురక నేనెక్కడా వినలేదు.

తరువాతి వారం మంద మత్తూరు పోయింది. కెంచమ్మ ఏడ్చింది, మరునాడు లేచి వ్యానెక్కింది. నరసింహప్ప పొట్టేలును మాత్రం ఇవ్వలేదు. పెళ్లాంతో మాటలు తగ్గించాడు. రోజంతా పొట్టేలుతో మాట్లాడుకునేవాడు.

మొన్న సాయంత్రం వ్యాను దిగేసరికి అతను రోడ్డు అవతల టీ అంగడి ముందు కనిపించాడు. ఆమె కోసమే వచ్చాడు, కానీ ఆమె కోసం రానట్టు అటు తిరిగి నిలబడ్డాడు. మధ్యలో టమాటా లారీల రొద. మామా, మామా అని కెంచమ్మ పిలిచిన పిలుపు ఆ రొదలో కలిసిపోయింది. ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకుని, నాలుక అంగిలికి ఆనించింది.

"ట్ర్ర్ర్... బా!"

నరసింహప్ప చటుక్కున తిరిగాడు. లారీ పోయీపోకముందే గబగబా రోడ్డు దాటి వచ్చేశాడు. వెనకే పొట్టేలు. టీ అంగడిలో గ్లాసులు పట్టుకున్నవాళ్లంతా విరగబడి నవ్వారు. అప్పటికి గానీ తానేం చేశాడో అతనికి తెలియలేదు.

"ఇంతమంది ముందర గొర్రెను పిలిచినట్ల పిలుస్తావా? నా మానం తీసేసినావు గదే!"

"మంద పోతే నా పిలుపుకు పలికేదెవరంటివే మామా, పలికినావు గదా, రా, ఇంటికి పోదాం."